విషయసూచిక, అయిదో ప్రూఫ్: సున్న పక్కన సున్న

నాలుగో ప్రూఫ్ కూడా చెత్తబుట్టలోకే పోయింది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపు అన్న కాగితం చేతికిస్తూ "ఖాతా పెట్టుకో తమ్మీ, ఇదే పేజీ ఇంకెన్నిసార్లు తీస్తవ్" అని నవ్వాడు.

కాలేజీ మ్యాగజైన్ 64 పేజీలు, ఏ4, లోపలంతా నలుపు ఒక్కటే. కథలు, కవితల పేజీలు వారంలో అయిపోయాయి. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లో ఒత్తులు విడిపోకుండా వచ్చాయి, సంతోషం. మూడో పేజీలో ఉండే విషయసూచికే మూడు వారాలుగా నన్ను తినేస్తోంది.

మొదట అందరిలాగే ఎడమ పక్క శీర్షిక, మధ్యలో చుక్కలు, కుడి అంచుకు పేజీ నంబరు పెట్టాను. "అమ్మ" అని ఒక చిన్న కవిత ఉంది. ఆ మాటకూ దాని నంబరుకూ మధ్య దాదాపు 150 మి.మీ. చుక్కలే. చూపు సగం దూరం పోయేసరికి పై వరసలోకో కింది వరసలోకో జారిపోతోంది. అందుకే చుక్కలన్నీ పీకేసి, నంబరును శీర్షిక పక్కనే పెట్టా. నాకు ఎప్పట్నుంచో నచ్చే పద్ధతి, పేజీ కూడా ఖాళీగా, హాయిగా కనిపించింది.

రెండో ప్రూఫ్ జూనియర్ చేతిలో పెడితే "అన్నా, సోమేశ్వరం పక్కన ఇన్ని సున్నలేంది?" అన్నాడు. చూస్తే నిజమే. నంబర్లన్నీ రెండంకెలు ఉండాలని 08, 06 అని పెట్టుకున్నా. "ఛాయా సోమేశ్వరం 08", "ఉదయసముద్రం 06". మాట చివర ఒక సున్న, దాన్ని ఆనుకుని ఇంకో సున్న. మన భాషలో రెంటికీ పేరు కూడా ఒకటే కదా! ముందు సున్న తీసేస్తే ఇంకా అన్యాయం, "సోమేశ్వరం 8" కాస్తా సోమేశ్వర 08 లాగా ఉంది. లెక్కపెడితే 26 శీర్షికల్లో 11 సున్నతోనే ముగుస్తున్నాయి. అక్షరం సున్న గుండ్రంగా, అంకె సున్న కాస్త కోలగా ఉంటుంది నిజమే కానీ, 11.5 పాయింట్లలో ఆ తేడా ఎవరికి పట్టింది?

ఖాళీ పెంచి చూశా. 2 మి.మీ. చాలలేదు, 4 కూడా అంతే. 6 దగ్గర సున్నలు విడిపోయాయి గానీ నంబర్లు శీర్షికను వదిలేసి గాల్లో తేలుతున్నాయి. బోల్డ్ చేద్దామంటే మండలి ఫాంటుకు ఒకటే మందం, స్క్రైబస్ దొంగ బోల్డ్, అంటే లేని మందాన్ని తనే పులమడం, చేయదు (మంచిదే, నాకు దొంగ బోల్డ్ అంటే ఒళ్లు మంట). నోటో సాన్స్ తెలుగు బోల్డ్ తెచ్చి అంకెలకు మాత్రం వేస్తే పేజీ బస్టాండులో టైం టేబుల్ అయింది. 50 శాతం బూడిద రంగు వేస్తే సన్నటి అంకెలు చుక్కలు చుక్కలుగా చెదిరిపోయాయి. మధ్యలో నిలువు గీత పెడితే అది ఒకటి లాగా కనిపించి ఎనిమిదో పేజీ పద్దెనిమిది అయింది. తెలుగు అంకెలు వేద్దామా అనుకున్నా, ఆ ౦ అచ్చంగా అక్షరం సున్నే, పైగా ౬ చూసి ఆరని చెప్పేవాళ్లు మా క్లాసులో ఇద్దరు.

చివరికి నంబర్లను తీసుకెళ్లి ఎడమ పక్కన 12 మి.మీ. కాలమ్‌లో, కుడి అంచు కలిసేలా పెట్టా. తెలుగులో సున్నతో మొదలయ్యే మాట లేదు కదా, ఈ బుద్ధి ముందే రావాల్సింది. లైన్ల మధ్య 19 పాయింట్లు ఇచ్చా, రెండో లైనుకు దిగిన 7 శీర్షికలతో కలిపి 221 మి.మీ.లో సరిపోయింది. అయిదో ప్రూఫ్ పాస్.

పైన "విషయసూచిక" అన్న మాటకు సురవరం ఫాంటు వాడాను. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టిన ఫాంటు అది, పత్రిక పేజీకి అంతకన్నా ఏం కావాలి. ఆ పేరు చివరా సున్నే, అది వేరే సంగతి.

ఇక ఉర్దూ విభాగం ఉంది, 8 పేజీలు, వెనక నుంచి తెరుచుకుంటుంది. దానికీ చిన్న సూచిక కావాలని మేడం అడిగారు. నంబర్లు ఉర్దూలోనే ఉండాలట. అక్కడ కుడి నుంచి ఎడమకు కాబట్టి చుక్కలు పెడితే బాగుంటుందేమో అనుకుంటూ నిన్న రాత్రి ఉర్దూ అంకెలు చూశా. ఉర్దూలో సున్న అంటే చిన్న చుక్క.