చిల్లర

పదకొండున్నర దాటింది. పొయ్యిగట్టు తుడిచేసి, రేపటికి మినప్పప్పు నానబోసి, లైటు తీసి పడుకుందామనుకునేసరికి ఫోను మోగింది. అరకు లెక్కలు. బ్యాంకు అన్నయ్యగారు గ్రూపులో పెట్టారు. వ్యాను, డ్రైవరు బత్తా, రూములు, టిఫిన్లు, బొర్రా టికెట్లు, బొంగులో చికెన్ (తినని వాళ్ళకి మినహాయింపు, ఆ విషయంలో ఆయన ధర్మరాజే). కింద నుంచి రెండో వరసలో: పూల తోట, 150.

నూట యాభై కాదండీ. నూట ఎనభై.

ఈయన్ని లేపి చెబుదామంటే, ముప్ఫై రూపాయల కోసం అర్ధరాత్రి లేపినందుకు ఏమంటారో మీకు తెలియంది కాదు. అందుకే మీ నెత్తిన కూర్చున్నాను.

మొన్న రాత్రి దిగాం. నిన్నా ఇవాళా బట్టలతోనే సరిపోయింది. రెండు రోజుల ప్రయాణానికి మూడు వాయిలు. నా తెల్ల చున్నీకి అంచు పొడుగునా పసుపు మరక. సబ్బు పెట్టాను, నిమ్మచెక్క రుద్దాను, ఎండలో ఆరేశాను. కాస్త లేతబడింది, అంతే. అత్తయ్యగారు చూసి "పసుపు రంగేగా, శుభమేలే" అన్నారు. ఆవిడకి అన్నీ శుభమే, నేను ఉతకాల్సినవి అయితే.

రైల్లో వెళ్దామని నెల ముందే మొత్తుకున్నాను. పొద్దున్నే వైజాగ్‌లో ఎక్కితే మధ్యాహ్నం భోజనానికల్లా అరకు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా ఉంది. "పధ్నాలుగు టికెట్లు దొరకవు చెల్లెమ్మా" అన్నారు అన్నయ్యగారు. ముందే చూసి ఉంటే దొరికేవి. చివరికి వ్యానే. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలవగానే చిన్నదానికి వాంతులు, పెద్దవాళ్ళకి పాటలు. కిటికీ తీస్తే కొండలకి కూడా అవే పాటలు.

అనంతగిరి దగ్గర కాఫీ తోటల పక్కన ఆపారు. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. పళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి. దిగినవాళ్ళు దిగినట్టే తలా ఒక రెమ్మ లాగారు. అన్నయ్యగారి అబ్బాయి గుప్పెడు పళ్ళు దూసి మా బుజ్జిగాడి మీదకి విసిరాడు, వీడూ తక్కువ తినలేదు. కాఫీ మొక్క నాటితే కాపు చూడ్డానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. "కొయ్యకండర్రా, వాళ్ళ పంట" అన్నాను. "పది గింజలకి వాళ్ళేం ఆరిపోరు చెల్లెమ్మా" అన్నారాయన. మా వెనక ఇంకో వ్యాను ఆగి ఉంది. దాని వెనక ఇంకోటి. పది గింజల్ని వ్యాన్లతో గుణించడం రాదు కాబోలు, బ్యాంకులో పనిచేసే మనిషికి.

అక్కడికి నేనేదో పెద్ద మర్యాదస్తురాలినని కాదు. నా స్టీలు పళ్ళేల సంగతి చెప్తే మీరు నవ్వుతారు. కాగితం పళ్ళేలూ ప్లాస్టిక్ గ్లాసులూ కొండ మీద పారెయ్యకూడదని, పధ్నాలుగు పళ్ళేలు, పధ్నాలుగు గ్లాసులు గోనెసంచిలో కట్టి పట్టుకెళ్ళాను. ఘాట్‌లో ప్రతి మలుపుకీ అవి మోగుతూనే ఉన్నాయి. డ్రైవరు రెండుసార్లు దిగి టైర్లు చూసుకున్నాడు, పాపం. తీరా బొంగు చికెన్ అమ్మే కుర్రాడు వెదురు చీల్చి, ముక్కలన్నీ అడ్డాకు మీద దిమ్మరించి అందరికీ చేతిలో పెట్టేశాడు. తిన్నాక ఆకు మేకకి వేశారు. నా పళ్ళేలు కట్టినవి కట్టినట్టే దిగొచ్చాయి. ఇవాళ అవి కూడా తోమి ఎండబెట్టాను, దుమ్ము పట్టాయని.

సరే, పూల తోట.

వలిసె పూలు మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. నవంబరు, డిసెంబరుల్లో అరకు దారి పొడుగునా కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. నిజానికి ఎవరూ పువ్వుల కోసం వెయ్యరు. అవి నూనెగింజలు. పువ్వు రాలి గింజ కడితేనే రైతుకి నాలుగు డబ్బులు. ఈ మధ్య ఫొటోల పిచ్చి ముదిరాక రోడ్డు పక్క చేలవాళ్ళు ఇంత రుసుము పెట్టి లోపలికి వదుల్తున్నారు. మేం ఆగిన చోట వెదురు కర్రకి అట్టముక్క కట్టి ఉంది. దాని మీద బొగ్గుతో "20" అని. పక్కన రాయి మీద ఒకావిడ, తలకి తువ్వాలు చుట్టుకుని. నా వయసే ఉంటుందేమో.

"పువ్వులు చూడ్డానికి కూడా డబ్బులేంటమ్మా, దేవుడిచ్చినవేగా" అన్నారు అన్నయ్యగారు, నవ్వుతూనే.

"దేవుడు దున్నలేదు బాబూ" అంది.

మేం ఇంకా వ్యాను దిగుతుండగానే ఆవిడ లెక్కపెట్టేసింది. పెద్దవాళ్ళు తొమ్మిది, పిల్లలకి వద్దు, నూట ఎనభై. ఆయన మొత్తానికి వంద అన్నారు. ఆవిడ నూట ఎనభై అంది. ఆయన నూట ఇరవై. ఆవిడ నూట ఎనభై. ఈయనా అందుకున్నారు, "అందరం లోపలికి రాంలేమ్మా" అని. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులని, తనని లెక్కలోంచి తీసెయ్యమన్నారు. అవతల చీకటి పడుతోంది. చివరికి అన్నయ్యగారు నూట యాభై ఆవిడ చేతిలో పెట్టి, "ఉంచులే" అని లోపలికి నడిచారు. ఇంకా ముప్ఫై ఇవ్వాల్సినాయన, "ఉంచులే" అని!

గంట క్రితం ఇదే మనిషి అద్దాల కాఫీ షాపులో కప్పు కాఫీకి రెండు వందల పై చిలుకు ఇచ్చారు. ఇవ్వడమే కాదు, 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని వాళ్ళ మెనూ కార్డు మీద ఉంటే అందరికీ వినిపించేలా చదివారు. అక్కడ బేరం ఎందుకు ఆడలేదని ఇప్పటికి ఇరవైసార్లు అనుకున్నాను. అచ్చేసిన కార్డు మీద ఉంటే ధర, అట్టముక్క మీద బొగ్గుతో రాస్తే ఆశ. నిన్న మళ్ళీ ఆయన స్టేటస్‌లో ఆవిడ ఫొటో. అడక్కుండా తీసిందే. కింద "స్వచ్ఛమైన గాలి, అమాయకమైన గిరిజనం" అని. ఎవరు అమాయకం? చీకట్లో పధ్నాలుగు తలకాయల్ని పెద్దా చిన్నా విడదీసి లెక్కగట్టిన మనిషా?

నా బుద్ధి ఊరుకోదుగా. అందరూ ఫొటోల్లో మునిగి ఉండగా వెనక్కొచ్చి ఆవిడకి వంద నోటు ఇచ్చాను. కొంగుముడి విప్పి డెబ్భై లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.

"ఉంచుకోండమ్మా" అన్నాను.

"ఎందుకు?" అంది.

కోపంగా కాదు. నిజంగానే అడిగింది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. డెబ్భై తీసుకుని పర్సులో వేసుకున్నాను.

ఆ "ఎందుకు" దగ్గరే రెండు రోజులుగా తిరుగుతున్నాను. అది తలుచుకుంటే నాన్న గుర్తొస్తున్నారు.

1987లో అనుకుంటా, నాకు తొమ్మిదేళ్ళు. విజయనగరం నుంచి వైజాగ్ వచ్చి, అక్కడ కిరండూల్ పాసింజరు ఎక్కాం. అమ్మ పులిహోర, నాన్న మరచెంబు, అన్నయ్యకి కిటికీ, నాకు ఏడుపు. దారిలో సొరంగాలు లెక్కపెట్టాలని పందెం. చీకట్లోకి వెళ్ళగానే పెట్టెలో పిల్లలందరూ కేకలు, ఆ కేకల్లో నాకు లెక్క తప్పడం, మళ్ళీ ఏడుపు. "ఈ లైను మనకోసం వెయ్యలేదమ్మా, బైలదిల్లా గనుల ఇనుము వైజాగ్ రేవుకి దింపి జపాను పంపడానికి వేశారు, మనం సందు చూసుకుని ఎక్కాం" అన్నారు నాన్న. ఆయనకి ఏ ఊరెళ్ళినా పాఠమే. బొర్రా గుహల్లో ఇప్పటిలా రంగురంగుల లైట్లు చూసిన గుర్తు లేదు. ముందు గైడు, అతని చేతిలో కాగడా, పొగ, గబ్బిలాల వాసన, చెప్పులు జారడం. ఆవు పైనుంచి కన్నంలో పడిందనీ, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనపడిందనీ, ఆ ఆవు పొదుగు నుంచే గోస్తనీ నది పుట్టిందనీ గైడు చెప్పాడు. అమ్మ అక్కడే చీకట్లో చెంపలేసుకుంది.

బయటికి రాగానే నాకంటే చిన్న కుర్రాడొకడు బుట్టలో రాళ్ళు అమ్ముతున్నాడు. గుహ లోపలివే. తెల్లగా, చూపుడు వేలంత పొడుగు, విరిగిన చోట చెక్కెర పలుకుల్లా మెరుపు. కావాలని నేను నేల మీద కూర్చున్నాను. వాడు ఐదు రూపాయలన్నాడు. మా నాన్న, ఎవరి దగ్గరా పైసా ఎగ్గొట్టని మేష్టారు, బేరమాడి రెండుకి తెచ్చారు. తర్వాత ఎన్నేళ్ళో చుట్టాలందరికీ చెప్పేవారు, "మా అమ్మాయి రెండు రూపాయలకి బొర్రా గుహలు కొంది" అని.

ఇలాంటి రాళ్ళు నీటి చుక్క చుక్క సున్నం వదిలితే పెరుగుతాయి. వెయ్యేళ్ళకి పది సెంటీమీటర్ల లెక్కన వేసుకున్నా, నా వేలంత రాయికి ఏడు వందల ఏళ్ళు. ప్రతాపరుద్రుడు ఓరుగల్లులో ఉన్నప్పుడు మొదలైన చుక్క. రెండు రూపాయలు.

ఆ రాయి ఇప్పుడెక్కడుందో నా రాతలు మొదటినుంచీ చదివే పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అమ్మ దేవుడి మందిరంలో. ఇల్లు చేరిన రోజే నా దగ్గర లాక్కుని శివయ్యని చేసేసింది. రోజూ చెంబుడు నీళ్ళు, కార్తీక సోమవారాల్లో పంచామృతం. ఈ మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసినప్పుడు, ఈసారి వెళ్ళినప్పుడు దాన్ని బొర్రాలో వదిలేసి వద్దామా అన్నాను. అతుక్కోదని నాకూ తెలుసు, ఊరికే అన్నాను.

"అక్కడ ఆయన్ని ఎవరు చూస్తారే?" అంది. కాసేపాగి, "అరిగిపోతున్నాడే, ముఖం సన్నబడింది" అంది. మరి పెరుగులో పులుపు సున్నపురాయిని తినదూ! ఆ మాట అమ్మతో అనలేదు.

ఇక్కడిదాకా టైపు చేశాక అన్నయ్యగారి మీద కోపం కాస్త తగ్గింది. బేరం ఆడినందుకు ఆయన్ని ఇంతసేపు తిట్టాను కానీ, ఆ బేరంలో ఆవిడకేమీ కష్టమనిపించలేదు. నవ్వింది కూడా. ఆయన వంద అంటే ఆవిడ నూట ఎనభై అనడంలో ఒక హుషారు ఉంది, మా వీధి చేపల సుబ్బమ్మలో ఉండేలాంటిది. ఆయన దగ్గర ఆవిడ అమ్ముకునే మనిషి. నా వంద నోటు ముందే ఏదోలా అయింది మొహం. అన్నట్టు, ఇవాళ పొద్దున నేనే గోంగూర కట్ట ఇరవై అంటే పదిహేనుకి అడిగి తీసుకున్నాను. ఆకుకూరల ఆవిడ తిట్టుకుంటూనే కొసరుగా కొత్తిమీర వేసింది. ఇద్దరికీ బానే ఉంది. అప్పుడు నాకు ఏ రాయీ గుర్తు రాలేదు.

కానీ మళ్ళీ అనుకున్నాను, ఆవిడకి నిజంగా కోపం వచ్చింది ఒక్కసారే. డబ్బుల దగ్గర కాదు. మేం చేలోకి దిగినప్పుడు. అట్టముక్క మీద 20 అంటే గట్టు మీద నిలబడి ఫొటో దిగడానికి. ముందే చెప్పింది, "గట్టు దాటకండి, మొక్క విరిగితే గింజ రాదు" అని. ఎవరూ వినలేదు. అన్నయ్యగారి అబ్బాయి నడిమధ్యకి పరిగెత్తాడు, బుజ్జిగాడు వెనకాలే. ఆవిడ అరిచిన అరుపుకి వ్యాన్లో ఉన్న అత్తయ్యగారు ఉలిక్కిపడ్డారట. నేను వెళ్ళి ఇద్దరి చెవులూ మెలేసి గట్టెక్కించాను.

ఇందాక లెక్కలు చూశాక గ్రూపులో ఫొటోలు ఒక్కొక్కటీ పైకి జరుపుకుంటూ చూశాను. నలభై ఏడో నలభై ఎనిమిదో ఉన్నాయి. అందులో ఒకదాంట్లో నేను. నడుము దాకా పువ్వులు. వెనక ఇంకో రెండడుగుల మేర మొక్కలు పక్కకి ఒరిగి దారి పడి ఉంది. చున్నీ గాలికి ఎగురుతోంది, బావుంది కూడా. ఈయనే తీశారు, "కొంచెం లోపలికి జరుగు" అంటూ. పిల్లల చెవులు మెలెయ్యడానికి వెళ్ళినప్పుడా, అంతకు ముందా అన్నది ఫొటో టైము చూస్తే తెలుస్తుంది. చూశాను. ముందే.

నిమ్మచెక్క ఇంకోటి మిగిలింది, రేపు మళ్ళీ రుద్ది చూడాలి.

గ్రూపులో వదినగారు అప్పుడే జనవరిలో లంబసింగి అంటున్నారు. ముగ్గురు బొటనవేళ్ళు పెట్టారు. నేనింకా ఏమీ అనలేదు. ఈసారి రైలు మాట ఎత్తడానికి కూడా లేదు, అటు రైలే లేదు.

"పూల తోట 180, మిగతా ముప్ఫై నేనిచ్చాను" అని టైపు చేశాను. ముప్ఫై రూపాయలకి ఇంత రాద్ధాంతమా అనుకుంటారని చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను. పన్నెండూ పదికి అన్నయ్యగారికి విడిగా పంపేశాను.

రెండు నీలం టిక్కులు వచ్చాయి. ఆయన కూడా పడుకోలేదన్నమాట.