గ్రామీ పట్టికలో ఒక ఖాళీ

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ వాద్యాన్ని వెతుక్కుంటూ 'రిమెంబర్ శక్తి' బృందం దాకా, అక్కడి నుంచి ఆ బృందపు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పాత రికార్డుల దాకా వెళ్ళిన నాలాంటి శ్రోతకు సమకాలీన జాజ్ అంటే ఎలక్ట్రిక్ గిటారు, సింథసైజరు, రాక్ లయ కలిసిన సంగీతమే. ఆ సంగీతానికి గ్రామీ పురస్కారాలలో ఒకప్పుడు విడిగా ఒక విభాగం ఉండేదని తెలిసిన నాడు విజేతల పట్టికను మొదటి నుంచి చివరి దాకా చదివాను.

1980లో జాజ్ ఫ్యూజన్ పేరుతో మొదలైన ఆ విభాగంలో తొలి బహుమతి వెదర్ రిపోర్ట్ బృందపు '8:30'కి దక్కింది. పేరు మారుతూ వచ్చి, 2001 నాటికి 'ఉత్తమ సమకాలీన జాజ్ ఆల్బమ్' అయింది. వేన్ షార్టర్‌తో కలిసి వెదర్ రిపోర్ట్‌ను నడిపిన జో జావినుల్‌కు 2010లో '75' ఆల్బమ్‌తో అదే బహుమతి మళ్ళీ వచ్చింది. కానీ తన డెబ్బై అయిదవ పుట్టినరోజు నాటి కచేరీని వినిపించే ఆ ఆల్బమ్ గెలిచేనాటికి ఆయన కన్నుమూసి రెండేళ్ళు దాటింది. మరుసటి ఏడాది గెలిచిన స్టాన్లీ క్లార్క్ బ్యాండ్ ఆఖరి విజేత.

2011 ఏప్రిల్‌లో గ్రామీలు ఇచ్చే రికార్డింగ్ అకాడమీ 109 విభాగాలను 78కి కుదించింది. అందులో ఈ విభాగమూ పోయింది. అప్పుడే రద్దయిన లాటిన్ జాజ్ విభాగాన్ని సంగీతకారుల నిరసన తరువాత పునరుద్ధరించారు. సమకాలీన జాజ్ మాత్రం తిరిగి రాలేదు. బహుమతులు తగ్గితే వాటి విలువ పెరుగుతుందన్న వాదనను నేను కాదనను. అయితే 2008లో హెర్బీ హాంకాక్ 'రివర్' ఈ విభాగంతో పాటు, అన్ని రకాల సంగీతమూ పోటీపడే ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ బహుమతిని కూడా గెలిచిందంటే, మూడేళ్ళకే ఎత్తివేయవలసినంత బలహీనమైన విభాగమా ఇది? ఆ తరువాత రాబర్ట్ గ్లాస్పర్ 'బ్లాక్ రేడియో' 2013లో ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) ఆల్బమ్‌గా గెలిచింది. స్నార్కీ పప్పీ బృందం 2016, 2017లలో సమకాలీన వాద్య సంగీత విభాగంలో గెలిచింది. సొంత ఇల్లు లేని సంగీతం పొరుగిళ్ళలో సన్మానం పొందినట్టయింది.

2024లో 'ఆల్టర్నేటివ్ జాజ్' పేరుతో కొత్త విభాగం తెరిచి, తొలి బహుమతిని మిషెల్ ఎన్‌డెగెచెల్లోకు ఇచ్చారు. అదే వేడుకలో మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల 'శక్తి'కీ గ్రామీ వచ్చింది, కాకపోతే ప్రపంచ సంగీతం పద్దులో.