మైదా లై, గుడ్డు సొన, ఒక నల్ల డబ్బా

మా మేనకోడలు రష్యాల డాక్టర్ చదువు ముగించుకొని మొన్న నల్లగొండకు వచ్చింది. ఇంట్ల అందరికీ చాక్లెట్లు, నాకు మాత్రం అరచేతుల పట్టేంత నల్ల డబ్బా, దాని మీద ఒక బొమ్మ. “నీకైతే ఇదే నచ్చుతది మామా” అన్నది.

ముప్పై ఏండ్లు గోడల మీద, షాపు బోర్డుల మీద కుంచె పట్టినోణ్ణి. బొమ్మ కనపడితే ముందు అనుమానమే పుడతది. స్టిక్కర్ అంటించి వార్నిష్ కొట్టిండ్రేమోనని భూతద్దం పెట్టి చూసిన. ప్రింటయితే చుక్కలు చుక్కలుగ కనపడాలె. లేవు. ఆకు రాలిన చెట్టు కొమ్మలు వెంట్రుక మందం. మొదట్ల ఒత్తుగ దిగి, కొసకు కుంచె లేపిన జాడ. చెయ్యే, అనుమానం లేదు.

బొమ్మల ఉన్నది సుజ్దల్ అనే పాత ఊరు. 13వ శతాబ్దం నాటి చర్చి, ఐదు నీలం గుమ్మటాలు, వాటి మీద బంగారు చుక్కలు. కింద గడ్డకట్టిన కామెంకా ఏరు. ఇగ మంచు! దాంట్ల తెల్లరంగు ఎంతుందని వెతికితే ఇండ్ల కప్పుల అంచులకే దొరికింది. నీడ పడ్డకాడ నీలం, పొద్దు తగిలినకాడ పల్చని గులాబి. అదే నేనయితే తెల్ల ఎనామిల్ డబ్బా ఒంపి పూసి పైసలు అడుగుతుంటి.

చెక్క అనుకున్న. “కాదు మామా, అట్ట” అన్నది. అట్ట ముక్కలు పిండి జిగురుతోటి పొరలు పొరలుగ అంటించి, ఒత్తి, అవిసె నూనెల నానబెట్టి, పొయ్యిల ఆరబెడతరట. మైదా లైతోటి సినిమా పోస్టర్లు నేనూ మస్తుగ అంటించిన. రెండో వానకే ఊడొచ్చేవి.

అడుగున బంగారు రంగుతోటి డబ్బా తయారైన ఊరి పేరు: ఖోలుయ్. ఈ ఊరోళ్లు, పక్కన పాలేఖ్, మ్‌స్త్యోరా వాళ్లు తరాల సంది గుడ్డు సొనల రంగు కలిపి దేవుని పటాలు గీసెటోళ్లు. 1917 విప్లవం తర్వాత పటాలు అడిగేటోడు లేడు. పాలేఖ్ వాళ్లు 1924ల, ఖోలుయ్ వాళ్లు 1934ల సంఘాలు కట్టుకొని ఈ పెట్టెల మీదికి మళ్లిండ్రు. రంగు అదే గుడ్డు సొన, చెయ్యి అదే, దేవుడే మారిండు.

ఆమె చెప్తుంటే నాకు గడియారం సెంటర్ల మొదటి ఫ్లెక్సీ కట్టిన రోజు యాదికొచ్చింది. నేను మళ్లింది బండి నంబరు ప్లేట్ల మీదికి. దానికి సంఘం గూడ లేదు.

మా ఇంటామె రెండోనాడే ఆ డబ్బాల జాకెట్ హుక్కులు, సూదులు పోసింది. మూత లోపలి ఎర్రరంగు మీద అప్పుడే ఒక గీత. నేనేమో పాత అట్టెపెట్టెల సున్నా నంబరు కుంచె వెతికి, మేనకోడలి పేరు ముందు ‘డా.’ అని చిన్న చెక్క మీద రాసిన, నీలం మీద బంగారు. మంచిగుంది మామా అని ఫోటో తీసుకున్నది. బయటి దేశంల డాక్టర్ చదివినోళ్లకు ఇక్కడ పెట్టే పరీక్ష పాసై, క్లినిక్ పెట్టినంక ఎల్‌ఈడీ బోర్డు చేయించుకుంటదట.