గుడ్‌విల్ అధ్యాయాన్ని వదిలేయకండి: నా జేఎల్ కామర్స్ ప్రిపరేషన్

జూనియర్ లెక్చరర్ ఎంపిక జాబితాలో నా హాల్‌టికెట్ నంబరు కనిపించినప్పటి నుంచి తెలిసినవాళ్లంతా ఎలా చదివావని అడుగుతున్నారు. సిలబస్ మీకు కొట్టినపిండే కాబట్టి దాని జోలికి పోను. కంపెనీ అకౌంట్స్‌లో చాలామంది చివరికి నెట్టేసే గుడ్‌విల్ (పేరు ప్రతిష్ఠల వల్ల మామూలు కంటే ఎక్కువ లాభం తెచ్చే శక్తికి కట్టే విలువ), వాటాల మూల్యాంకనం గురించే ఎక్కువగా చెబుతాను. నా చదువు మలుపు తిరిగింది అక్కడే.

బీకాంలో ఈ అధ్యాయాన్ని సూత్రాల పట్టికలా బట్టీ పట్టాం. సగటు లాభం, అధిక లాభం (మామూలు రాబడికి మించి వచ్చేది), మూలధనీకరణ (ఆ లాభం రావడానికి సాధారణ రేటున ఎంత మూలధనం కావాలో కట్టడం), యాన్యుటీ (ఏటా వచ్చే మొత్తాల నేటి విలువ) అంటూ ఒకే కంపెనీకి తలా ఒక జవాబు వస్తుంటే, ఎందుకని అడిగే తీరిక అప్పుడు ఎవరికీ లేదు. ఈసారి ఒకే లెక్కను పట్టుకుని అన్ని పద్ధతుల్లోనూ వరసగా చేశాను. మీరూ కాగితం తీసుకోండి.

స్థిరాస్తుల ప్రస్తుత విలువ 5,00,000 రూపాయలు, కరెంట్ ఆస్తులు 2,00,000, రుణదాతలు 1,00,000. ఇవి కాక వ్యాపారంతో సంబంధం లేని బాండ్లు 1,00,000, వాటి మీద వడ్డీ 6,000. ఆ వడ్డీతో కలిపి సగటు లాభం 96,000. సాధారణ రాబడి రేటు 12 శాతం. పన్ను సంగతి పక్కన పెడదాం.

వినియోగించిన మూలధనం, అంటే ఆస్తుల్లోంచి రుణదాతలకు ఇవ్వాల్సింది తీసేస్తే మిగిలేది, 6,00,000. బాండ్లను ఇందులో కలపం. కలపనప్పుడు వాటి వడ్డీనీ లాభంలోంచి తీసేయాలి. అప్పుడు లాభం 90,000, మూలధనం మీద 12 శాతం చొప్పున సాధారణ లాభం 72,000, అధిక లాభం 18,000. వడ్డీ తీయకపోతే 24,000 వస్తుంది. వడ్డీ ఉంచి బాండ్లనూ మూలధనంలో కలిపేస్తే 12,000 వస్తుంది. ఆప్షన్లలో ఈ రెండు అంకెలూ మీకోసం కాచుకుని ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. ఐదేళ్ల కొనుగోలు లెక్కన, అంటే అధిక లాభాన్ని ఐదుతో గుణిస్తే, గుడ్‌విల్ 90,000. అదే ఐదేళ్లకు 12 శాతం యాన్యుటీ విలువ 3.605 పెట్టి గుణిస్తే 64,890. అధిక లాభాన్ని మూలధనీకరిస్తే 1,50,000. మొత్తం లాభాన్ని మూలధనీకరించి 7,50,000లోంచి 6,00,000 తీసేసినా మళ్లీ 1,50,000 రూపాయలే! ఆ అంకె రెండోసారి వచ్చినప్పుడు నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఈ పద్ధతులు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం లేదు. అన్నీ అడిగేది ఒక్కటే: ఈ 18,000 ఎన్నాళ్లు నిలుస్తుంది? ఐదేళ్లే అంటే 90,000. ఐదేళ్లే గానీ రేపటి రూపాయి నేటి రూపాయికి సాటి రాదంటే 64,890. ఎప్పటికీ నిలుస్తుందంటే 1,50,000. ఆ తర్వాత నేను సూత్రాలు బట్టీ పట్టలేదు, అవసరం పడలేదు.

వాటాల దగ్గరికి వస్తే, పక్కన పెట్టిన బాండ్లను వెనక్కి తేవాలి. వాటాదారుకు వాటిలోనూ హక్కుంది కదా. 6,00,000కు బాండ్లు, 90,000 గుడ్‌విల్ కలిపితే 7,90,000. 10 రూపాయల వాటాలు 40,000 ఉంటే ఒక్కో వాటా అంతర్గత విలువ (నికర ఆస్తుల్లో దాని వంతు) 19.75. డివిడెండు 15 శాతమైతే రాబడి విలువ (15ను సాధారణ రేటు 12తో భాగించి 10తో గుణిస్తే) 12.50. రెండింటి సగటు 16.125, దాన్నే సరసమైన విలువ అంటాం. కొద్దిపాటి వాటాలు కొనేవాడికి డివిడెండే ముఖ్యం. కంపెనీ పగ్గాలు చేతికొచ్చేన్ని వాటాలు కొనేవాడు మొత్తం సంపాదన చూస్తాడు. ఇక్కడ అది 4,00,000 వాటా మూలధనం మీద 96,000, అంటే 24 శాతం; దాంతో విలువ 20 రూపాయలు. నడుస్తున్న ప్రైవేటు కంపెనీ వాటాలకు మామూలుగా లాభార్జనే కొలమానమని మహదేవ్ జలాన్ కేసులో 1972లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే దారిలోనే.

మిగతావి చకచకా చెబుతాను. సొంతంగా పుట్టిన గుడ్‌విల్‌ను ఆస్తిగా చూపకూడదు, అది ఏఎస్ 26 (అకౌంటింగ్ ప్రమాణం). ఇండ్ ఏఎస్ (అంతర్జాతీయ ప్రమాణాలకు దగ్గరగా ఉన్న భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు) పాటించే కంపెనీలు వ్యాపారం కొన్నప్పుడు వచ్చిన గుడ్‌విల్‌ను ఏటా కొంత కొంతగా రద్దు చేయవు, ఏడాదికోసారైనా ఇంపెయిర్‌మెంట్ పరీక్ష (విలువ పడిపోయిందా అని చూడడం) పెడతాయి. ఆదాయపు పన్నులో గుడ్‌విల్ మీద తరుగుదలను 2021 ఫైనాన్స్ చట్టం తీసేసింది. జీఎస్‌కు (జనరల్ స్టడీస్) దినపత్రిక, గణాంక శాస్త్రానికి పాత ప్రశ్నపత్రాలు సరిపోయాయి.

రెండు ప్రశ్నల కోసం ఇన్ని రోజులా అని నా మిత్రులు మందలించారు. నేను వినలేదు, విననందుకు ఈరోజు సంతోషంగా ఉంది. రేపు తరగతిలో ఓ పిల్లవాడు లేచి ‘ఎందుకు’ అని అడిగితే సూత్రం చూపించి కూర్చోబెట్టే లెక్చరర్‌ను కాదలచుకోలేదు. పరీక్ష మార్కుల కోసమే అయినా ఉద్యోగం పాఠం చెప్పడానికి. ఫోన్ పక్కన పడేసి, రోజుకొక లెక్కైనా చివరిదాకా చేతితో చేయండి. చేసిన లెక్కను చూసి తలూపడం చదువు కాదు.

ఈ అధ్యాయంలో ఇంకా రెండు చోట్ల జాగ్రత్త. పాక్షికంగా చెల్లించిన వాటాలకు రాబడి విలువ కట్టేటప్పుడు ముఖ విలువ కాదు, చెల్లించిన మొత్తం తీసుకోవాలి. సగటు మూలధనం అడిగితే, ఆ ఏడాది లాభం పంచకుండా వ్యాపారంలోనే ఉన్నప్పుడు, ముగింపు మూలధనంలోంచి ఆ లాభంలో సగం తీసేయండి.