ఫ్లోరైడ్ ప్రాజెక్టు రెండో విడత: యూసీతో నా అనుభవం

నిన్ననే ఖాతాలో పడింది, కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సర్వేకి రెండో విడత గ్రాంటు. ఏప్రిల్‌లో రావాల్సిన డబ్బు నవంబరులో వచ్చింది. ఈ ఏడు నెలలూ తినేసింది యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ, అంటే ఇచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూపే పత్రం) ఒక్కటే. కేంద్ర నిధులతో ఆరోగ్య పరిశోధన మొదలుపెట్టేవాళ్ల కోసం వేడి మీదే రాస్తున్నా.

ఆన్‌లైన్‌లో ప్రతిపాదన, ఎథిక్స్ కమిటీ, మంజూరు ఉత్తర్వు: అడిగిన కాగితాలు పెడితే ఇవన్నీ కదులుతాయి. నీళ్ల పరీక్షా అంతే. బోరు ఐదు నిమిషాలు ఆడించి పాలిథీన్ సీసాలో పట్టాలి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుని పట్టుకుంటుంది. 10 మి.లీ. నీటికి 10 మి.లీ. టిసాబ్ ద్రావణం కలిపాకే ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ ముంచాలి. లేకపోతే ఇనుము, అల్యూమినియం పట్టేసుకున్న ఫ్లోరైడ్ లెక్కలోకి రాదు, రీడింగు తక్కువ చూపిస్తుంది.

అసలు చిక్కు యూసీ రాయాల్సిన జి.ఎఫ్.ఆర్. (జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, కేంద్రం డబ్బు ఖర్చు నియమాలు) 12-ఎ ఫారం. మా అకౌంట్స్ సెక్షన్ ముందు 12-సి నింపింది. అది రాష్ట్ర ప్రభుత్వాలకిచ్చే గ్రాంట్లది. ఉత్తర్వులో 12-ఎ అని ఉందని చూపించినా "మనది గవర్నమెంటు కాలేజీయే కదా" అన్నారు. తిరిగొచ్చింది.

రెండోసారి వడ్డీ దగ్గర. గ్రాంటు 8,00,000, ఖర్చు 6,90,000, వడ్డీ 11,240 అనుకోండి. మిగులు 1,10,000 అనే చూపాలి. మావాళ్లు వడ్డీ కలిపేసి 1,21,240 రాశారు. 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 230(8) ప్రకారం గ్రాంటు మీద వడ్డీ మనది కాదు, లెక్క తేలగానే కేంద్ర ఖజానాకి కట్టేయాలి. ఫారంలో దానికి వేరే గడులున్నాయి. భారత్‌కోష్‌లో (కేంద్రానికి డబ్బు కట్టే వెబ్‌సైట్) కట్టి రసీదు జతచేయండి. ఏ పద్దు కింద కట్టాలో ముందే మెయిల్ పెట్టి రాతలో జవాబు తెప్పించుకోండి, నోటిమాట పనికిరాదు.

మూడోసారి ఎలక్ట్రోడ్. పరికరాల పద్దులో కొనాల్సినదాన్ని కన్‌స్యూమబుల్స్‌లో (వాడితే అయిపోయే సరుకుల పద్దు) రాశారు. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకి మార్చాలంటే ముందస్తు అనుమతి కావాలి, కొన్నాక అడిగితే లాభం లేదు.

ప్రతిసారీ అకౌంట్స్ సెక్షన్‌లో అదే బల్ల ముందు నిలబడాలి. ఆఖరుసారి నలుగురిలో ఆ సెక్షన్ ఆఫీసరు, "బోరు నీళ్లు కొలిచేదానికి లక్షలెందుకు సార్? ఊరికో ఆర్వో ప్లాంటు పెట్టించొచ్చుగా" అన్నాడు. నోట మాట రాలేదు. జవాబు ఇక్కడ చెబుతున్నా. దర్శి, పొదిలి, కనిగిరి ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, ఆ జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లతో పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి ప్రచురించారు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్, అంటే సర్కారు సంస్థలో జరిగిన పని అది. ఆ పండిట్ గారే తర్వాత ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మొదటి డైరెక్టరయ్యారు. కొలవకుండా ఏ బోరు నీళ్లు తాగొచ్చో, ఏది లీటరుకి 1.5 మి.గ్రా. ఫ్లోరైడ్ హద్దు దాటిందో ఎవరికి తెలుస్తుంది? వంగిన నడుముని నిలబెట్టే మాత్ర లేదు, అమ్ముకోవడానికి ఏమీ లేని రోగానికి ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? పెట్టాల్సింది ప్రభుత్వమే. 2025-26 బడ్జెట్‌లో ఆరోగ్య పరిశోధన శాఖకి 3,900.69 కోట్లు ఇచ్చారు. ఆరోగ్య మంత్రిత్వ శాఖ మొత్తంలో అది నూటికి నాలుగు రూపాయలైనా కాదు. ఆ కాస్తా ఇలా బల్లల మీద ఆగిపోతోంది.

ఆగితే ఏం పోతుందో కూడా చెప్పాలి. నీటిమట్టం అడుగంటిన మేలో ఒకసారి, వానలు వెళ్లిన జనవరిలో ఒకసారి, అవే బోర్లు, అవే ఇళ్లు చూడాలి. ఈ ఏడాది మే నెల పోయింది. జీతం అందక ఇద్దరు ఫీల్డ్ అసిస్టెంట్లు వెళ్లిపోయారు. ఏ ఇంట్లో ఎవరికి ఏ బోరు నీళ్లో వాళ్లకే తెలుసు.

మీరైతే మార్చి 31 నాటి బ్యాంకు స్టేట్‌మెంటు ఏప్రిల్ మొదటి వారంలోనే తీసేయండి. యూసీ మీద ఆర్థిక విభాగం పెద్ద, సంస్థ పెద్ద ఇద్దరూ సంతకం పెట్టాలి, ప్రిన్సిపాల్ బదిలీ అయ్యేలోపు పెట్టించుకోండి. బిల్లులన్నీ ప్రాజెక్టు పేరు మీదే ఉండాలి. మేము జనవరికి సీసాలు కడుగుతున్నాం, కొత్త పిల్లలిద్దరికి సోమవారం నుంచి బోర్లు చూపించాలి.