క్లాక్ రూమ్‌లో గడియారం లేదు

"అన్నా, క్లాక్ రూమ్‌లో గడియారాలు పెడతారా?" పొద్దున తిరుపతి స్టేషన్‌లో బోర్డు చూసి ఒక పిల్లోడు అడిగినాడు.

అది క్లోక్ రూమ్. స్పెల్లింగ్‌లో ఓ తర్వాత ఏ ఉంటే క్లోక్, సీ ఉంటే క్లాక్. క్లోక్ అంటే భుజాల మీంచి వేలాడే, చేతుల్లేని పొడుగాటి పైబట్ట. అవి విప్పి పెట్టుకునే గది కాస్తా మన రైల్వేలో సామాన్లు దాచే గది అయింది. బ్యాగుకు తాళం వెయ్యకపోతే తీసుకోరు, టికెట్టూ చూపించాల.

పిల్లోడిది మరీ తప్పేం కాదులెండి. రెండు మాటలూ మధ్యయుగపు లాటిన్‌లో గంట అని అర్థమున్న 'క్లోకా' నుంచే వచ్చినాయి. గడియారం గంట కొడుతుంది, ఆ బట్ట గంట ఆకారంలో ఉంటుంది. అంతే తేడా!

పక్కనే రిటైరింగ్ రూమ్. పెన్షన్‌కు సంబంధం లేదు, పడుకోడానికి వెళ్ళడాన్నీ రిటైర్ అనే అంటారు. రెస్ట్‌రూమ్‌తో మాత్రం జాగ్రత్త, అమెరికాలో అది బాత్‌రూమే. బ్రిటన్‌లో క్లోక్‌రూమ్ అన్నా ఒక్కోసారి అదే అర్థం. లండన్ స్టేషన్‌లో పెట్టె దాచాలంటే 'లెఫ్ట్ లగేజ్' ఎక్కడని అడగాల.

ఎడమ పక్క వెతక్కండి. ఆ లెఫ్ట్, వదిలిపెట్టిన అనే లెఫ్ట్.