పాత సిల్వరాడోతో ట్రైలర్ లాగాలంటే

2000ల తొలినాళ్ల షెవీ సిల్వరాడో 1500 పికప్ ట్రక్కు కొనేటప్పుడు అందరూ బానెట్ ఎత్తి ఇంజన్ చూస్తారు. ట్రైలర్ లాగే పని ఉంటే ముందు గ్లవ్ బాక్స్ తెరవండి. అక్కడి స్టిక్కర్ మీద జీయూ6 అని ఉంటే యాక్సిల్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె; ఎంత పెద్దదైతే లాగడం అంత తేలిక) 3.42, జీటీ4 అయితే 3.73, జీటీ5 అయితే 4.10.

తేడా చిన్నదేం కాదు. 31 అంగుళాల టైరు, గంటకు 65 మైళ్లు, ఓవర్‌డ్రైవ్ (టాప్ గేర్, అంటే ఫోర్త్) 0.70 అనుకుంటే 3.42తో ఇంజన్ దాదాపు 1,690 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది, 4.10తో 2,020 దగ్గర. ఈ బండి 5.3 లీటర్ల వీ8 ఇంజన్‌కి అసలు టార్క్ (తిప్పే బలం) వచ్చేది 4,000 దగ్గర! అందుకే చిన్న ఎత్తు రాగానే బండి థర్డ్‌కి దిగుతుంది, మళ్లీ ఫోర్త్‌కి ఎక్కుతుంది. ప్రతిసారీ కన్వర్టర్ లాకప్ (ఇంజన్‌ని గేర్‌బాక్సుకి నేరుగా కలిపే పట్టు) వదిలేస్తుంది, గేర్‌బాక్సు ఆయిల్ కాగిపోతుంది. 4ఎల్60ఈ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సులో 3-4 క్లచ్ (థర్డ్, ఫోర్త్ గేర్లలో పనిచేసేది) ప్లేట్లు మాడేది ఇలాగే. ఎత్తుల్లో లివర్ 3లో పెట్టేయండి, పెట్రోల్ కాస్త ఎక్కువ తాగితే తాగనీ.

డాడ్జ్ రామ్ పికప్‌లలో వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజన్ సంగతి వేరు. దానికి 1,600 దగ్గరే పూర్తి టార్క్, కాబట్టి 3.54 చాలు.

సిల్వరాడోలో రేషియో కోసం యాక్సిల్ గేర్లు మార్పించాలంటే ఫోర్‌వీల్ డ్రైవ్‌లో ముందు యాక్సిల్ కూడా మార్చాల్సిందే, ఖర్చు రెట్టింపు. స్పీడోమీటర్ సరిచేయించాలి. కొత్త గేర్లతో మొదటి 500 మైళ్లు ట్రైలర్ తగిలించొద్దు. 33 అంగుళాల టైర్లు వేశారా, 4.10 కాస్తా 3.85 అయిపోయినట్టే.